ఉప్పుగాలిలో పాత పాటల పెట్టెలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో యంత్రాలు వేరు, కంపెనీలు వేరు, ఫిర్యాదు మాత్రం ఒకటే: "అటకెక్కించినప్పుడు బాగానే ఉంది, ఇప్పుడు దించితే పలకడం లేదు." విశాఖలో ఇలాంటి యంత్రాలు వాడి పాడవడం తక్కువ, వాడక పాడవడం ఎక్కువ. తేమ ఎక్కడ చేరి ఏం చేస్తుందో తెలిస్తే చాలా మటుకు ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు.

ప్రశ్న: మా మావయ్యగారు 1980ల్లో గల్ఫ్ నుంచి తెచ్చిన టూ ఇన్ వన్ ఉంది. రేడియో పలుకుతోంది. ప్లే నొక్కితే మోటారు తిరిగే చప్పుడు వస్తోంది గానీ క్యాసెట్ కదలడం లేదు. ఇక లాభం లేదంటారా?
– ఒక పాఠకురాలు, లాసన్స్ బే కాలనీ

జవాబు: లాభం లేకేమండీ, బాగుపడుతుంది. రేడియో పలుకుతోంది కాబట్టి పవర్ సప్లై, ఆంప్లిఫయరు, స్పీకర్లు బాగున్నట్టే. మోటారు తిరిగి క్యాసెట్ తిరగకపోతే మధ్యనున్న బెల్టు పోయిందన్నమాట. వెనక మూత విప్పితే బెల్టు ఉండాల్సిన చోట తారు పూసినట్టు నల్లటి జిగురు కనబడుతుంది. ఆ కాలపు బెల్టులు చాలావాటిలో పాలీయురేథేన్ ఉండేది. గాలిలో తేమకు అది మెల్లగా విడిపోయి ముద్దవుతుంది. ఈ పదార్థం పేరు గుర్తుంచుకోండి, కింద ఇంకో రెండు జవాబుల్లో మళ్లీ వస్తుంది.

విప్పే ముందు ప్లగ్గూ సెల్సూ తీసేయండి. గల్ఫ్ సెట్లకు వెనకాల 110, 220 అని ఓల్టేజి మార్చే మీట ఉంటుంది. అది 220 వైపే ఉందని చూసుకోండి. ఎవరి చెయ్యో తగిలి 110కి జరిగిందంటే మన 230 ఓల్టులకు ట్రాన్స్‌ఫార్మరు మాడిపోతుంది. సెల్స్ పెట్టే గదిలో స్ప్రింగులకు తెల్లపొడి పట్టిందేమో కూడా చూడండి. మామూలు జింక్ సెల్స్ కారితే అది ఆమ్లం, వంటసోడా కలిపిన నీళ్లతో తుడవాలి. ఆల్కలైన్ సెల్స్ కారితే అది క్షారం, నిమ్మరసంతో తుడవాలి. ఏదైనా ఆఖరున తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవండి.

ఇప్పుడు బెల్టు. చేతులకు గ్లౌజులు వేసుకోండి, ఆ నలుపు గోళ్లలో చేరితే రెండు రోజులు వదలదు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్స్‌తో మోటారు కప్పీ, పెద్ద చక్రం అంచూ పూర్తిగా మెరిసేదాకా తుడవాలి. కప్పీ మీద కందిగింజంత జిగురు మిగిలినా పాట ఊగుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ వాడకండి. అందులోని గ్లిజరిన్ పొరలా మిగిలిపోతుంది.

కొత్త బెల్టు కొలత ఇలా తీయండి. బెల్టు వెళ్లే దారంతా దారం చుట్టి, ఆ దారం పొడవు కొలవండి. ఉదాహరణకు 250 మిల్లీమీటర్లు వస్తే అందులో 5 శాతం తగ్గించి 238 మిల్లీమీటర్ల చుట్టుకొలత బెల్టు తీసుకోవాలి. కొందరు దుకాణదారులు వ్యాసం చెప్పమంటారు, అది 76 మిల్లీమీటర్లు. కొందరు రెండు పొరలుగా మడిచిన పొడవు అడుగుతారు, అది 119. పెద్ద చక్రానికి సాధారణంగా 4, 5 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ బెల్టు, కౌంటరు తిప్పడానికి సన్నని చదరపు బెల్టు పడతాయి. డాబాగార్డెన్స్ విడిభాగాల దుకాణాల్లో దొరక్కపోతే రకరకాల సైజుల కట్ట ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. బిగువు ఎక్కువైతే మోటారు బుష్షులు అరిగిపోతాయి, తక్కువైతే పాట సాగుతుంది. బెల్టు దొరికేదాకా రబ్బరు బ్యాండు వేసి నడుపుదామని మాత్రం అనుకోకండి. దాని మందం అన్నిచోట్లా ఒకేలా ఉండదు, సన్నాయి కాస్తా ఏడుపవుతుంది.

అదే ఆల్కహాల్‌తో టేపు మీది పాటను చదివే హెడ్డు, సన్నని ఇనుప కడ్డీ (క్యాప్‌స్టన్) తుడవండి. కడ్డీని నొక్కే రబ్బరు చక్రం, అంటే పించ్ రోలరు, గోధుమరంగుకు తిరిగి అద్దంలా మెరుస్తుంటే తడిగుడ్డకు చుక్క గిన్నెల సబ్బు వేసి రుద్ది, నీళ్ల గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. అప్పటికీ టేపు నములుతుంటే రోలరు గట్టిపడిపోయినట్టే, మార్చాలి. మోటారు కూడా మార్చాల్సి వస్తే దాని మీద మూడు సంగతులు చూసి రాసుకోండి: ఓల్టేజి (6, 9 లేదా 12), వేగం (ఎక్కువగా 2400), తిరిగే దిశ. దిశ తప్పితే మిగతావన్నీ సరిపోయినా పనికిరాదు.

ప్రశ్న: 1987లో మా ఊళ్లో రాత్రంతా చెప్పిన జముకుల కథను రికార్డు చేసిన మూడు క్యాసెట్లు బీరువాలో దొరికాయి. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లగా బూజు. ఒకసారి వేసి చూడమని మా అబ్బాయి అంటున్నాడు.
– ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: వెయ్యకండి. ముందు ఆ మూడింటినీ విడిగా ఒక జిప్ కవర్లో పెట్టండి. బూజు ఉన్న టేపును ప్లే చేస్తే పొరలు ఒకదానికొకటి అంటుకుని తెగవచ్చు. ఆ పొడి హెడ్డుకూ రోలరుకూ పట్టి, తర్వాత వేసే మంచి క్యాసెట్లకు కూడా అంటుతుంది.

మొదటి పని ఆరబెట్టడం. ఎండలో కాదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో క్యాసెట్లు, 100 గ్రాముల సిలికా జెల్, చిన్న డిజిటల్ తేమ మీటరు పెట్టి మూత బిగించండి. తేమ 45 శాతం దగ్గరకు దిగాక వారం రోజులు అలాగే ఉంచండి. బూజు పెరగడం ఆగి, తడి జిగురుగా ఉన్నది పొడిగా మారుతుంది. నారింజరంగు గింజలున్న సిలికా జెల్ తీసుకుంటే, అవి ఆకుపచ్చగా మారినప్పుడు తేమ పీల్చుకున్నాయని తెలుస్తుంది. ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి.

రెండో పని శుభ్రం చేయడం. మేడ మీదో వరండాలోనో, ఎన్-95 మాస్కు కట్టుకుని చేయండి. ఉబ్బసం ఉన్నవారు ఈ పని ఇంకొకరికి అప్పగించాలి. క్యాసెట్ డొక్కకు ఐదు స్క్రూలుంటే విప్పండి. లోపలి చుట్టల అంచులను మెత్తని పొడి బ్రష్షుతో బయటివైపుకు దులపండి. తర్వాత ఆరు పలకల పెన్సిలుతో చుట్ట తిప్పుతూ, నూలు ఊడని మెత్తని గుడ్డ మడతలోంచి టేపును పోనివ్వండి. గుడ్డను వేళ్లతో తాకీ తాకనట్టు పట్టుకుంటే చాలు. ఒక చివర నుంచి ఇంకో చివరికి రెండుసార్లు పోతే చాలావరకు వదులుతుంది. టేపు ఎక్కడైనా పట్టేస్తే లాగకండి, చుట్టను అరచేతి మీద మెల్లగా తట్టి వదులు చేయండి. పాత డొక్కలో బూజు మిగిలే ఉంటుంది కాబట్టి టేపును స్క్రూల డొక్క ఉన్న వేరే క్యాసెట్‌లోకి మార్చండి. హెడ్డు ఎదురుగా ఉండే చిన్న స్పాంజి దిండు ఊడిపోలేదని చూసుకోండి. అది లేకపోతే పాట లోతునుంచి వచ్చినట్టు మసకబారి వినిపిస్తుంది. అతికించిన డొక్క అయితే సన్నని బ్లేడుతో అతుకు వెంట విప్పాలి, కొత్తవాళ్లకు అది కష్టం.

బీరువాలో కలరా ఉండలు ఉంటే అక్కడ క్యాసెట్లు పెట్టకండి. చీరలకు అవి మేలే చేస్తాయేమో గానీ ఆ ఆవిరికి డొక్కల ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

ప్రశ్న: ఐదున్నర శ్రుతిలో పాడిన మా గురువుగారి కచేరీ ఇప్పుడు వేస్తే ఆరు శ్రుతికి వస్తోంది. యంత్రం తప్పా, క్యాసెట్ తప్పా?
– ఒక సంగీత ఉపాధ్యాయిని, మహారాణిపేట

జవాబు: ఐదున్నరకు షడ్జం సుమారు 207.7 హెర్ట్జ్, ఆరుకు 220. అంటే టేపు దాదాపు 6 శాతం వేగంగా నడుస్తోంది. కంపెనీ విడుదల చేసిన ఏదైనా క్యాసెట్ వేసి, అదే పాటను ఫోనులో పక్కన వినండి. అదీ పైకే ఉంటే తప్పు యంత్రానిది. మోటారు వెనక చిన్న రంధ్రం, అందులో తిప్పే స్క్రూ ఉంటుంది. సన్నని ప్లాస్టిక్ స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పుతూ శ్రుతి కలపండి. టేపు ఒకటి రెండు నిమిషాలు నడిచాక సరిచూసుకోవాలి, చల్లని మోటారు వేగం నిలకడగా ఉండదు.

కంపెనీ క్యాసెట్ సరిగా ఉండి మీ కచేరీ ఒక్కటే పైకి ఉంటే, రికార్డు చేసిన రోజే తేడా వచ్చింది. సెల్స్ మీద నడిచే రికార్డరులో సెల్స్ నీరసిస్తే టేపు నెమ్మదిగా తిరుగుతుంది, సరైన వేగంలో వింటే శ్రుతి ఎక్కుతుంది. క్యాసెట్ ఒక వైపు మొదట్లో ఐదున్నర ఉండి చివరికొచ్చేసరికి ఆరు దాటుతుంటే కారణం సెల్సే, సందేహం అక్కర్లేదు. అప్పుడు యంత్రాన్ని ముట్టుకోకండి. కంప్యూటరులోకి ఎక్కించాక తంబూరా వినబడే చోట్ల కొలిచి అక్కడ సరిచేయండి. కొందరు రికార్డింగులోని కరెంటు గుయ్‌మనే శబ్దాన్ని కొలిచి 50 హెర్ట్జ్‌కు సర్దుతారు. ఆ రోజుల్లో కరెంటు ఫ్రీక్వెన్సీయే 50 దగ్గర నిలిచేది కాదు. గాయని శ్రుతి తెలిసిన మీకు తంబూరాయే గట్టి సాక్ష్యం.

ప్రశ్న: పదేళ్లు మూలనున్న స్టీరియో ఆంప్లిఫయరు బయటకు తీయాలనుకుంటున్నాను. పక్కన పెట్టేనాటికే ఎడమ స్పీకరు అప్పుడప్పుడు పోయేది, వాల్యూమ్ తిప్పితే గరగరమనేది. నేరుగా ప్లగ్గు పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, మర్రిపాలెం

జవాబు: పెట్టకండి. ఏ రేడియో మెకానిక్ దగ్గరైనా ఉండే సీరీస్ బోర్డు ద్వారా ఇవ్వండి. ఫేజు తీగ మధ్యలో 60 లేదా 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు, దాని తర్వాత సాకెట్, అంతే దాని నిర్మాణం. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. స్పీకర్లు తీసేసి స్విచ్ వేయండి. బల్బు ఒక్కసారి వెలిగి క్రమంగా మసకబారితే మంచి లక్షణం. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది, వెంటనే ఆపేయండి. నేరుగా ఇచ్చి ఉంటే ఆ కరెంటంతా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు తాగేవి. బల్బు మసకగా ఉంటే అరగంట అలాగే ఉంచండి, చాలాకాలం కరెంటు లేక నీరసించిన ఫిల్టరు కండెన్సర్లు (లోపలి కరెంటును నిలకడ చేసేవి) మెల్లగా తేరుకుంటాయి.

తర్వాత మల్టీమీటరు తీసుకుని, స్పీకరు టెర్మినల్స్ దగ్గర డీసీ ఓల్టేజి చూడండి. 50 మిల్లీఓల్టుల లోపుంటే స్పీకరు తగిలించవచ్చు. ఓల్టు, రెండు ఓల్టులు చూపిస్తే స్పీకరు కాయిల్ కాలుతుంది, ముందు రిపేరు చేయించాలి.

ఎడమ ఛానల్ సంగతి. తక్కువ వాల్యూమ్‌లో మాయమై, ఒక్కసారి గట్టిగా పెంచగానే టక్కున వచ్చి, తగ్గించినా కాసేపు నిలుస్తోందా? అయితే ట్రాన్సిస్టర్లను అనుమానించకండి. స్పీకరు రిలే (స్పీకరును కలిపే విద్యుత్ స్విచ్) కాంటాక్టుల మీద నల్లటి పొర పట్టింది, ఎక్కువ ఓల్టేజి వచ్చినప్పుడు ఆ పొర చిట్లి దారి ఇస్తోంది. రిలే మూత తీయగలిగితే, దళసరి కాగితం పట్టీని ఐసోప్రొపైల్‌లో తడిపి కాంటాక్టుల మధ్య పెట్టి, వేలితో మూసి లాగండి. కాగితం మీద నల్లగీత పడుతుంది. గీత పడడం మానేదాకా కొత్త పట్టీలతో చేయండి. గరుకు కాగితం పెట్టారంటే వెండి పూత పోయి ఆరునెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. కొత్త రిలే వేయడమే శాశ్వతమైన పని. కాయిల్ ఓల్టేజి, కాళ్ల అమరిక పాతదానికి సరిపోవాలి.

వాల్యూమ్ కంట్రోలు వెనక సందులోకి ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనరు రెండు సెకన్లు కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు 40 సార్లు తిప్పి, అరగంట ఆరనివ్వండి. కుట్టుమిషను నూనె, తలుపు బందులకు కొట్టే స్ప్రే పోయవద్దు. రెండు రోజులు బాగుంటుంది, తర్వాత దుమ్ము పేరుకుని ఇంకా పాడవుతుంది.

వాల్యూమ్ సున్నాలో ఉన్నా గుయ్‌మంటే ఫిల్టరు కండెన్సర్లు ఎండాయి. మన 50 హెర్ట్జ్ కరెంటుకు ఆ శబ్దం 100 హెర్ట్జ్‌లో వస్తుంది. వాల్యూమ్‌తో పాటు పెరిగితే ఇన్‌పుట్ తీగదో ఎర్త్‌దో తప్పు. కొత్త కండెన్సరు మైక్రోఫారడ్లు పాతదానివే ఉండాలి, ఓల్టేజి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, 105 డిగ్రీల రకం అడగండి. విప్పే ముందు 1 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టరును అర నిమిషం దాని కాళ్ల మధ్య ఆనించి చార్జి దించండి. స్క్రూడ్రైవరుతో షార్టు చేయడం ప్రమాదం. పాత జపాను సెట్లలో కండెన్సర్లను బోర్డుకు అంటించిన పసుపు జిగురు ఇప్పుడు ముదురు గోధుమరంగుకు తిరిగి ఉంటే దాన్ని గీకి తీయాల్సిందే. అది తేమ పీల్చి కాళ్లను తినేస్తుంది. ఎస్‌టీకే ఐసీ (ఆంప్లిఫయరు పని చేసే చిప్పు) పోయిందని ఎవరైనా చెబితే, కొత్తదనే పేరుతో వచ్చే నకిలీలు చాలా ఉన్నాయని గుర్తుంచుకోండి. పాత సెట్టులోంచి ఊడదీసిన అసలుదే నయం.

ప్రశ్న: 2014 హుద్‌హుద్‌లో జల్లు కొట్టి తడిసిన క్యాసెట్ డెక్కును అప్పుడే స్పిరిటుతో తుడిపించాం. అయినా బోర్డు మీద పచ్చ చిలుము వస్తూనే ఉంది.
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: ఉప్పు నీళ్లలో కరుగుతుంది గానీ స్పిరిటులో కరగదండీ. మీ వాళ్లు తుడిచినప్పుడు జిడ్డు పోయింది, ఉప్పు అక్కడే ఉంది. ముసురు పట్టినప్పుడల్లా అది తేమ లాగి రాగిని తింటోంది. బోర్డు విడదీసి, ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో పాత టూత్‌బ్రష్‌తో కడగండి. నీళ్లు పారబోసి మళ్లీ, అలా మూడుసార్లు. ఆ తర్వాత ఐసోప్రొపైల్ పోస్తే సందుల్లోని నీటిని అది బయటకు తెస్తుంది. ఫ్యాను కింద రెండు రోజులు ఆరాలి. ట్రాన్స్‌ఫార్మరు, మోటారు, హెడ్డు, మీటర్లు తడపవద్దు. చిలుము తిన్న రాగిదారిని గీకి, సన్నని తీగ వేసి సాల్డరింగ్ చేయించండి.

ప్రశ్న: స్పీకరు అంచు స్పాంజి ముట్టుకుంటే పొడిగా రాలుతోంది. స్పీకరే మార్చాలా? – గాజువాక

జవాబు: అక్కర్లేదు. ఇదీ ఆ పాలీయురేథేన్ పనే. కోన్ (స్పీకరు మధ్యలో గరాటులా ఉండే భాగం) చిరగకపోతే కొత్త అంచు అతికించవచ్చు. కోన్ బయటి వ్యాసం, ఫ్రేము లోపలి వ్యాసం కొలిచి ఆర్డరివ్వండి. మన ఊరికి స్పాంజి కన్నా రబ్బరు అంచు ఎక్కువ కాలం వస్తుంది, బాసు రుచి కొద్దిగా మారుతుంది. అతికించేటప్పుడు కోన్‌ను రెండు వైపులా వేళ్లతో సమంగా నొక్కి చూడండి. లోపల గీరుకునే శబ్దం వస్తే కాయిల్ మధ్యలో లేదు, జిగురు ఆరకముందే సర్దాలి.

ప్రశ్న: తాతగారి 78 రికార్డులు స్పిరిటుతో తుడవొచ్చా? – అల్లిపురం

జవాబు: ససేమిరా వద్దు. అవి లక్కతో చేసినవి, స్పిరిటుకు లక్క కరుగుతుంది. గోరువెచ్చని కూడా కాదు, చల్లని నీళ్లలో చుక్క గిన్నెల సబ్బు వేసి, మెత్తని గుడ్డతో గాళ్ల వెంట గుండ్రంగా తుడిచి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నిలబెట్టి ఆరనివ్వండి. మధ్యలోని కాగితం తడవకూడదు. సూది విషయం కూడా చూసుకోండి. 78కి సుమారు 75 మైక్రాన్ల మొన, ఎల్పీకి (వినైల్ రికార్డుకు) 25 లేదా అంతకన్నా సన్నని మొన కావాలి. 78 సూది ఎల్పీ మీద పెడితే గాళ్లు చెరిగిపోతాయి.

ప్రశ్న: పెద్ద స్పూల్ టేపు కీచుమంటూ ఆగిపోతోంది, హెడ్డు మీద గోధుమరంగు జిగురు మిగులుతోంది. – ఉక్కునగరం

జవాబు: ఆపేయండి, ఇంకోసారి తిప్పితే అయస్కాంతపు పూత ఊడివస్తుంది. 1970ల మధ్య నుంచి వచ్చిన కొన్ని టేపుల్లో పూతను పట్టి ఉంచే పాలీయురేథేన్ తేమకు జిగురవుతుంది. దీనికి 54 డిగ్రీల దగ్గర 8 గంటలు సమంగా వేడిచేసే పద్ధతి ఉంది. తర్వాత కొన్ని వారాలు టేపు ఆడుతుంది, ఆలోగా కాపీ చేసుకోవాలి. మామూలు వంటింటి ఓవెన్ ఉష్ణోగ్రత ఎగిరెగిరి పడుతుంది, మైక్రోవేవ్ మాట తలవకండి. సరైన థర్మోస్టాట్ ఉన్న ల్యాబు ఓవెన్ ఉన్నచోట చేయించండి. దానికి ముందు స్పూలును దీపానికి అడ్డం పెట్టి చూడండి. టేపు చుట్టలోంచి వెలుతురు కనిపిస్తే అది పాత అసిటేట్ టేపు. దాన్ని వేడిచేస్తే ముడుచుకుని నాశనమవుతుంది.

ప్రశ్న: క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఏం జాగ్రత్తలు? – సీతమ్మధార

జవాబు: ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలోకి ఇవ్వకండి, శబ్దం పగిలిపోతుంది. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో పెట్టె తీసుకుని, డెక్ లైన్ అవుట్ నుంచి ఇవ్వండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు పెట్టుకుంటే గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. గట్టిగా వచ్చే చోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి.

ముఖ్యమైనది హెడ్డు వాలు. ఏ క్యాసెట్ ఏ యంత్రం మీద రికార్డయిందో దాని వాలుకే మీ హెడ్డు కుదరాలి, లేకపోతే తాళాల ధ్వని మసకబారుతుంది. హెడ్డు పక్కన స్ప్రింగుతో ఉన్న స్క్రూయే దానికి. మొదటున్న స్థానం పెన్నుతో గుర్తుపెట్టండి. ఆంప్లిఫయరు మోనోలో (రెండు ఛానళ్లూ కలిసేలా) పెట్టి, టేపు ఆడుతుండగా స్క్రూను పావు చుట్టు లోపలే అటూ ఇటూ తిప్పండి. మోనోలో ఒకే ఒక్క చోట 'స' శబ్దాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి, అదే సరైన చోటు. అయిపోయాక గుర్తు దగ్గరకు తెచ్చి, స్క్రూ మీద గోళ్ల రంగు చుక్క పెట్టండి.

హోరు తగ్గించే పనులన్నీ కాపీ మీదే చేయండి, మొదటి ఫైలు ముట్టుకోకండి. క్యాసెట్ పెట్టెలోని కాగితాన్ని రెండు వైపులా ఫొటో తీసి అదే ఫోల్డరులో ఉంచండి. ఇవన్నిటికంటే ముందు, ఈరోజే, ప్రతి క్యాసెట్ వెనక అంచునున్న రెండు ప్లాస్టిక్ పలుకులూ విరిచేయండి. పొరపాటున రికార్డు మీట నొక్కినా ఇక అది దిగదు.